గంటెడు అంబలి

కేతేపల్లికి మూడు మైళ్ళ అవతల ఉన్న ఆ పల్లెలో ఏ ఇల్లాలు నెల తప్పినా మొదట తెలిసేది అమీరున్నీసాకే. మొగుడికన్నా ముందే తెలుస్తుందని ఆడవాళ్ళు నవ్వేవారు. ఆమె మంత్రసాని. ఊరంతా అమీరమ్మ అనేవారు. ఏ వాడ, ఏ కులం అన్న తేడా లేకుండా ఇరవై ఆరేళ్ళుగా ఆ ఊరి పిల్లలంతా ఆమె చేతుల్లోకే జారిపడ్డారు. అల్లరి పిల్లలను తల్లులు బెదిరించాలంటే "అమీరమ్మను పిలుస్త, మల్ల లోపలికి తోస్తది" అనేవారు.

ఆమె వంటింట్లో మూలకు ఒక నల్లటి అంబలి కుండ ఉండేది. జొన్నంబలి కాచి, చల్లార్చి అందులో పోస్తే తెల్లారేసరికి పులిసి, పైన సన్నటి నురగ కట్టేది. దాంట్లో చల్ల కలుపుకొని ఇంటిల్లిపాదీ తాగేవారు. తాగేటప్పుడు అడుగున ఒక గంటెడు మిగిల్చి, కొత్త అంబలిని దాని మీదే పోసేవారు. పాలు తోడుకోవడానికి పెరుగు చుక్క ఎట్లాగో అంబలికి ఆ గంటెడు అట్లాగే. దాన్ని తోడు అనేవారు. ఆ తోడు అమీరమ్మకు తల్లి ఇచ్చింది, తల్లికి ఆమె అత్త ఇచ్చిందట. అంతకు ముందు సంగతి ఎవరికీ తెలియదు.

ఊళ్ళో ఎవరికైనా ఐదో నెల పడగానే అమీరమ్మ ఒక ముంతలో ఆ తోడు పట్టుకొని వెళ్ళి వాళ్ళ కుండలో పోసి వచ్చేది. "దినాం పొద్దుగాల పరిగడుపున తాగాలె బిడ్డా, మరువకు" అని చెప్పేది. పిల్ల పుట్టి నలభై రోజులు నిండాక ఆ ఇంటివాళ్ళు తమ కుండలోంచి ముంతెడు అంబలి మంత్రసాని ఇంటికి తిరిగి పంపాలి. ముంత వచ్చిందంటే తల్లీ పిల్లా బాగున్నారన్నమాట. ఇదంతా ఎందుకని ఎవరైనా అడిగితే "మా అమ్మ చేసింది, నేను చేస్తున్న" అనేది. తల్లి కడుపు పుల్లగుంటే పిల్ల గట్టిగుంటుందని ఆమె తల్లి చెప్పిందట. అంతకు మించి ఆమెకూ తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచన కూడా లేదు.

ఎనభై ఆరులో, వానలు మొదలైన రోజుల్లో, మంత్రసానులకు సర్కారు శిక్షణ పెట్టారు. ఒక చిన్న దవాఖాన వెనక రేకుల షెడ్డులో పదిహేను రోజులు. నేర్పింది కౌసల్య అనే నర్సు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, గొంతు మాత్రం హెడ్మాస్టరు గొంతు. మొదటి రోజే ఆమె ఒక మాట అడిగింది.

"బొడ్డు దేనితోటి కోస్తరమ్మా మీరు?"

ఒకరు కొడవలి అన్నారు, ఒకరు కత్తి అన్నారు. అమీరమ్మ తన కొడవలి గురించి కొంచెం గర్వంగానే చెప్పింది, అది కూడా తల్లి ఇచ్చిందే.

"పుట్టిన వారం పది రోజులకు దవడలు బిగుసుకపోయి, విల్లు లెక్క వంగి పాణం పోయిన పిల్లలను సూసిన్రా?"

చూడని వాళ్ళు లేరు. దాన్ని గాలి సోకడమని అనుకునేవారు, తాయెత్తు కట్టేవారు. కౌసల్య చెప్పింది, అది గాలి కాదు, కొడవలికి అంటుకున్న మట్టిలోని పురుగు అని. కంటికి కనపడని పురుగు.

అమీరమ్మ ఆ మధ్యాహ్నం సద్ది విప్పలేదు. షెడ్డు గోడకు ఆనుకొని కూర్చొని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. భిక్షం రెండో కొడుకు. మంగలి వాళ్ళ పిల్ల. తన సొంత కొడుకు, షరీఫున్నీసా తర్వాత పుట్టినవాడు, ఎనిమిదో రోజు పోయాడు. వాడి బొడ్డు కోసింది ఆమె తల్లి, ఇదే కొడవలితో. పదకొండు మంది దాకా వచ్చి లెక్క ఆపేసింది.

మర్నాడు కౌసల్య దవాఖానలోంచి మైక్రోస్కోపు తెప్పించింది. చెరువు నీళ్ళ చుక్క పెట్టి అందరినీ ఒకరి తర్వాత ఒకరు చూడమంది. ఆడవాళ్ళు ఒక కన్ను మూయడం చేతకాక కొంగు అడ్డం పెట్టుకొని చూసి, "అవ్వో, గిన్ని పురుగులా!" అని వెనక్కి గెంతారు. అమీరమ్మ వంతు వచ్చేసరికి ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. అసలు ఆ ఆలోచన రాకుండా ఉంటే ఎంత బాగుండేది! సద్దిలోకి తెచ్చుకున్న అంబలి టిఫిన్‌లోంచి ఒక చుక్క తీసి, "సిస్టరమ్మా, జర గిది పెట్టి సూపియ్యుండ్రి" అంది.

కౌసల్య పెట్టింది. అమీరమ్మ చూసింది. ఆ గాజుముక్క మీద పుట్ట పగిలినట్టుగా ఉంది. సన్నటి పుల్లల్లాంటివి, గుండ్రటివి, కదిలేవి, కదలనివి, సందు లేకుండా నిండి ఉన్నాయి. చెరువు నీళ్ళలో కూడా అన్ని లేవు.

"సూసినవా అమీరమ్మా?" అని కౌసల్య నవ్వి, గాజుముక్క తుడిచేసి, తర్వాతి ఆమెను పిలిచింది. ఇంకా తొమ్మిది మంది వరుసలో ఉన్నారు. ఆమె మరేమీ చెప్పలేదు.

అమీరమ్మ ఇంటికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. కొడవలి మీద ఉన్న పురుగు పదకొండు మందిని తింటే, తాను ముంతలు ముంతలుగా ఇంటింటికీ మోసిన ఈ పురుగులు ఎంతమందిని తిన్నాయో! వంటింట్లోకి వెళ్ళి కుండ ఎత్తి, పెంటకుప్ప మీద గుమ్మరించి, కుండను బండ మీద వేసి కొట్టింది. గంటెను ఉడుకు నీళ్ళలో మరిగించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా చదువు అబ్బిన వాళ్ళకు కూడా ఆ ఆత్రమే ఉంటుంది.

అప్పుడు ఆమె కూతురు షరీఫున్నీసా నాలుగో నెల కడుపుతో పుట్టింట్లోనే ఉంది. తొలి చూలు. నకిరేకల్లులో సైకిళ్ళు బాగుచేసే మెహమూద్‌కు ఇచ్చి చేశారు. వాంతులు ఎక్కువై, అత్తింట్లో పని చేయలేక ముందుగానే వచ్చేసింది.

"అమ్మీ, కుండ ఎందుకు పలగ్గొట్టినవ్?" అని షరీఫ్ భయంగా అడిగింది.

"దాంట్ల పురుగులున్నయి. ఇగ నీకు అంబలి లేదు, సల్ల లేదు. ఏదైనా ఉడుకుడుకుది తిను."

ఊళ్ళో తోడు ఉన్న ఇళ్ళన్నిటికీ వెళ్ళి పారబోయమని చెప్పింది. మంత్రసాని మాట కాబట్టి అందరూ పారబోశారు. వినంది గుర్వమ్మ ఒక్కతే. గుర్వమ్మ కురుమల ఇంటి పెద్ద, ఎనభై గొర్రెలకూ నలుగురు కొడుకులకూ యజమానురాలు. అమీరమ్మకు చిన్ననాటి స్నేహితురాలు.

"పురుగులా?" అని గుర్వమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "గొర్ల దొడ్డిల పుట్టిన, గొర్ల దొడ్డిల నల్గురిని కన్న. గా పురుగులను మింగే గింతదాన్నైన. నువ్విచ్చిన తోడే గదనే గిది! ఎలుకలున్నయని ఇల్లు తగలబెట్టుకుంటరా ఎవలన్న?"

ఆమె కోడలు కృష్ణమ్మ కూడా అప్పుడు కడుపుతోనే ఉంది. అత్త పోసిన అంబలి కిక్కురుమనకుండా తాగేది. అమీరమ్మ వెనక్కి తిరిగి వచ్చేసింది.

కడుపుతో ఉన్న పిల్లకు పులుపు మీదికి మనసు పోకుండా ఉంటుందా? షరీఫ్ రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు కనిపించకపోతే అమీరమ్మ వెతుక్కుంటూ వెళ్ళింది. గుర్వమ్మ ఇంట్లో, కుండ పక్కన గొంతుక్కూర్చొని, అంబలి గంటె నాకుతూ కనిపించింది. అమీరమ్మ చెయ్యెత్తి ఆ చేతి మీద ఒక్కటి వేసింది. గంటె ఎగిరి గోడకు తగిలింది. కడుపుతో ఉన్న కూతుర్ని కొట్టడం అదే మొదలు, అదే చివర. దారంతా షరీఫ్ ఏడుస్తూనే నడిచింది.

ఆరో నెలలో జ్వరం వచ్చింది. ఊళ్ళో సూదిమందు ఇచ్చే లింగస్వామి సగం ఎరుపు సగం నలుపు ఉండే గోలీలు ఇచ్చి, ఐదు రోజులు వేయమన్నాడు. ఐదో రోజుకు జ్వరం తగ్గింది. "గివి ఏం చేస్తయి లింగస్వామీ?" అని అమీరమ్మ అడిగింది. "కడుపుల ఉన్న పురుగులన్నిటిని సంపుతయి" అన్నాడతడు. అన్నిటినీ! ఆ మాట ఆమెకు తేనెలా వినిపించింది. నకిరేకల్లు పోయిన ప్రతిసారీ మందుల దుకాణంలో అవే గోలీలు కొనుక్కొచ్చి, లింగస్వామికి చెప్పకుండా, నెల నెలా కూతురితో మింగించింది. కూతురి కడుపును తళతళా తోమిన గిన్నెలా ఉంచాలనుకుంది. ప్రేమతోనే చేసింది.

డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. ఉడికించిన బ్లేడు, కొత్త దారం, సబ్బుతో కడిగిన చేతులు. తొమ్మిదో రోజు దాకా అమీరమ్మ ఆ పిల్ల దవడల వైపే చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు. ఆ యేడు ఊళ్ళో పదమూడు కాన్పులు చేసింది, ఒక్క పిల్లకు కూడా దవడ బిగియలేదు. కౌసల్య చెప్పింది అక్షరాలా నిజం. ఆ బ్లేడుకు ఎంత దండం పెట్టినా తక్కువే. పిల్లకు ఖాతూన్ అని పేరు పెట్టారు. అదే నెలలో కృష్ణమ్మకు కొడుకు పుట్టాడు. బీరన్న అని దేవుడి పేరు పెట్టుకున్నారు. నలభై రోజులకు గుర్వమ్మ ఆచారం ప్రకారం ముంతెడు అంబలి పంపింది. అమీరమ్మ ఆ ముంతను గడప దాటనివ్వలేదు.

మూడో నెలలో ఖాతూన్ బుగ్గల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. గీరుకొని గీరుకొని రసి కారేది. ఐదో నెలలో చెవుల్లోంచి చీము. తర్వాత జలుబు పట్టుకుంది. ఒకటి తగ్గిందనుకునే లోపల ఇంకొకటి. విరేచనాలు, దగ్గు, మళ్ళీ పొక్కులు. గాలికి ఎండుటాకు ఊగినా ఈ పిల్లకు జ్వరం వచ్చేది. వీధి అవతల బీరన్న మాత్రం గొర్రెల మధ్య బోర్లాపడి, మట్టి తిని, గొర్రెపిల్ల చెవి కొరికి, లేగదూడలా తిరిగేవాడు. వాడికీ జ్వరం వచ్చేది. వచ్చి, రెండో రోజు పోయేది.

షరీఫ్ నకిరేకల్లుకు వెళ్ళాక అత్త మాటలు మొదలుపెట్టింది. "పాలు మంచియి గావు. గీ పిల్ల పాలల్ల ఇసమున్నది." ఒకరోజు షరీఫ్ చనుపాలు ఒక ఆకులో పిండి, చీమలను విడిచి చూశారు. చీమలు చస్తే పాలు విషమని లెక్క. చీమలు చావలేదు, నాలుగు మాత్రం పాలలో మునిగాయి. ఆ నాలుగు చాలు అత్తకు. షరీఫ్ పాలు మానిపించి డబ్బా పాలు పట్టారు. పిల్ల ఇంకా చిక్కిపోయింది.

అమీరమ్మ ఆ రోజు అక్కడే ఉంది. పాలలో ఏ దోషమూ లేదని ఊళ్ళో అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆమెకే. అయినా నోరు విప్పలేదు. అప్పటికే బీరన్నను చూసినప్పుడల్లా ఆమెకు తాను పగలగొట్టిన కుండ గుర్తొస్తోంది. పాల వల్ల కాదంటే మరి దేనివల్ల అని అడుగుతారు. ఆ ప్రశ్నకు తన దగ్గర ఉన్న జవాబంటే ఆమెకు భయం.

ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో ఖాతూన్‌కు ఊపిరి ఆడలేదు. నల్లగొండ పెద్ద దవాఖానలో ఆరు రోజులు ఉంచారు. డాక్టర్లు చేయాల్సిందంతా చేశారు. పిల్ల ఒంట్లో ఎదుర్కొనే శక్తే లేదమ్మా అన్నారు. పద్నాలుగు నెలల పిల్ల, ఇంకా నడక కూడా రాలేదు. మెహమూద్ ఆ చిన్న పొట్లాన్ని ఒక్కడే రెండు చేతుల మీద ఖబరస్తాన్‌కు తీసుకుపోయాడు. షరీఫ్ ఏడవలేదు. ఎప్పుడో మానిపించిన పాలు మళ్ళీ చేపి రవిక తడుస్తుంటే, "గీ పాలు ఇంకెందుకొస్తున్నయి అమ్మీ" అని మాత్రం అడిగింది. అమీరమ్మ ఆమెను దగ్గరకు తీసుకుంది. అప్పుడు కూడా చెప్పలేదు.

రెండేళ్ళు గడిచాయి. షరీఫ్‌కు మళ్ళీ నెల తప్పింది. సంతోషించాల్సిన పిల్ల, బావి దగ్గర ఎవరైనా పలకరిస్తే తల దించుకొని పోయేదట. "నా పాలతోటి ఇంకొకదాన్ని సంపుకోవాల్నా" అని మొగుడితో అందట. ఆ మాట మెహమూద్ వచ్చి చెప్పినప్పుడు అమీరమ్మ బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి, అట్లాగే లేచి, చెప్పులు వేసుకొని, కౌసల్య పనిచేసే దవాఖానకు పోయింది.

కౌసల్యకు అప్పటికి తలలో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. అమీరమ్మ జరిగిందంతా చెప్పింది. కుండ, గంటె, గోలీలు, పొక్కులు, బీరన్న. చెబుతున్నంతసేపూ నేల చూపులే. చివరికి ఒక్కటే అడిగింది.

"సిస్టరమ్మా, ఆ పొద్దు అంబలి సుక్కల నేను సూసిన పురుగులు మంచియా, చెడ్డయా?"

కౌసల్య రాస్తున్న రిజిస్టరు మూసింది.

"మంచియే అమీరమ్మా. పెరుగు సుక్క పెట్టి సూసినా గట్లనే ఉంటది. అన్ని పురుగులు చెడ్డయి గావు. నేను చెప్పలేదా?"

"చెప్పలే."

"చెప్పలేదా?"

"తుడిచేసి తర్వాతామెను పిలిచిన్రు."

కౌసల్య కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తర్వాత తనకు తెలిసింది చెప్పింది. మన పేగుల్లో కోట్ల పురుగులు కాపురం ఉంటాయట. ఒక్క పురుగు కూడా లేకుండా ఎలుకలను పెంచి చూశారట పెద్ద పెద్ద డాక్టర్లు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి, కానీ రోగం వస్తే తట్టుకోలేవట. "తల్లి పేగులల్ల ఉన్నవాటి సంగతి కడుపుల ఉన్న బిడ్డకు ఎట్ల తెలుస్తదో, అసలు తెలుస్తదో లేదో, ఇంక ఎవరు తేల్చలే. గోలీలు గన్ని నెలలు వెయ్యకుండ ఉండాల్సింది. అయినా గందుకే పిల్ల పోయిందని ఎవరు చెప్పలేరు. వేసుకున్నోళ్ళ పిల్లలు మస్తుమంది బతికిన్రు. గట్ల అనుకోకు."

ఆ సంగతి మీద డాక్టర్లు గట్టిగా మాట్లాడడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. గర్భిణి పేగుల్లోని సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థాలు కడుపులోని బిడ్డకు చేరి, వచ్చే రోగాలను ఎదుర్కోవడం ముందుగానే నేర్పుతాయని ఇప్పుడు చెబుతున్నారు. ఇప్పటికీ తెలిసింది కొంత, తెలియనిది కొండంత. అయినా అనుకోకు అంటే మనసు ఊరుకుంటుందా? కొడవలి పాపమే ఇంకా తీరలేదు, ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటి పోటు. అది తెలియక చేసింది, ఇది తెలిసీ తెలియక చేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆమె ఆ తోడు కోసం బయల్దేరింది. ఎండాకాలం కాబట్టి గుర్వమ్మ వాళ్ళు గొర్రెలతో నల్లమల వైపు వలస పోయి ఉన్నారు. అమీరమ్మ నల్లగొండలో ఒక బస్సు, దేవరకొండలో ఒక బస్సు, అచ్చంపేటలో ఇంకో బస్సు ఎక్కి రెండో రోజు అమ్రాబాద్ చేరింది. కేతేపల్లి గొర్రెలు ఎక్కడున్నాయని కనబడ్డ వాళ్ళందరినీ అడిగింది. ఊరి అవతల చింతచెట్ల కింద మంద దొరికింది. మూడు రాళ్ళ పొయ్యి పక్కన, తడిగుడ్డ చుట్టిన కుండ ఉంది.

గుర్వమ్మ ఆమెను చూసి నోరు తెరిచింది. చెంబులో నీళ్ళిచ్చింది.

"గుర్వమ్మా, తోడు కావాలె."

"నీదే గదనే" అని గుర్వమ్మ లేచి, కుండ మీది గుడ్డ తీసి, ముంత నిండా పోసింది. మూడేళ్ళ బీరన్న గొర్రెపిల్లను చంకలో ఇరికించుకొని వచ్చి, ఆమె కొంగు పట్టుకొని లాగాడు. అమీరమ్మ వాడిని దగ్గరకు తీసుకొని, వాడి నున్నటి బుగ్గల మీద చెయ్యి వేసి, గుండె పగిలేలా ఏడ్చింది. ఆ రెండేళ్ళలో ఆమె ఎవరి ముందూ అట్లా ఏడవలేదు. వాడు బెదిరిపోయి గొర్రెపిల్లను వదిలేశాడు.

తిరుగు ప్రయాణంలో ముంతను ఒళ్ళో పెట్టుకొని, రెండు చేతులతో మూత అదిమి పట్టుకుంది. కండక్టరు అదేమిటని అడిగితే "మందు" అంది.

నకిరేకల్లులో షరీఫ్ ఇంట్లో ఒక్కతే ఉంది. ఐదో నెల. గుడ్డ విప్పగానే పుల్లటి వాసన గదంతా పరుచుకుంది. షరీఫ్ ముంతలోకి చూసింది.

"గిదేంది అమ్మీ? పురుగులుంటయంటివి గదా."

"ఉంటయి బిడ్డా. మంచి పురుగులట. నాకు తెల్వలే."

ఇంతవరకు చెప్పి ఊరుకోవచ్చు. తాగమంటే తాగేది. అమీరమ్మ దారిలో అట్లాగే అనుకుంది కూడా. కానీ గోడకు ఆనుకొని, రవిక మీద కొంగు రెండు మడతలు కప్పుకొని, తన పాలంటే తానే సిగ్గుపడుతున్నట్టు కూర్చున్న కూతుర్ని చూశాక ఆగలేకపోయింది.

"షరీఫ్, నీ పాలల్ల ఏ ఇసం లేదు. ఎన్నడు లేదు. అయ్యి అమృతం లెక్కటి పాలు. తప్పుంటే నాది. అంబలి బందు పెట్టింది నేను, గన్ని గోలీలు మింగిచ్చింది నేను. గందుకే ఖాతూన్ గట్లయిందో ఏమో ఎవలకు తెల్వదని సిస్టరమ్మ అంటున్నది. నాకు మాత్రం నా చేతులే కనబడుతున్నయి."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"అనుమానం శానా దినాల సంది ఉన్నది."

"చీమలను ఇడిచిన పొద్దు?"

అమీరమ్మ తల ఊపింది.

"నేనడిగిన గదా అమ్మీ" అంది షరీఫ్. గొంతు పెంచలేదు. "గుర్వమ్మత్త ఇంట్ల గంటె నాకుతుంటే చెయ్యి మీద కొట్టినవ్. సరే, నీకు తెల్వదు, కొట్టినవ్. గని నా పాలను ఇసమన్న పొద్దు నువ్వు పక్కన్నే కూసున్నవ్. రెండేండ్లు నా ఒళ్ళును నేనే తిట్టుకున్న. నువ్వు ఇనుకుంట ఊకున్నవ్."

"ఊకున్న బిడ్డా."

షరీఫ్ ముంత ఎత్తి సగం తాగింది. మిగిలింది వంటింట్లోకి తీసుకుపోయి తన కుండలో పోసుకుంది. ముంత కడిగి తెచ్చి తల్లి ముందు పెట్టింది.

"కుండ నేను చూసుకుంట. కాన్పుకు నువ్వు రాకు."

ఊరందరి పిల్లలనూ చేతుల్లో పట్టుకున్న మంత్రసానికి కన్నకూతురే ఆ మాట అంది. అమీరమ్మ ముంత తీసుకొని లేచింది. గడప దగ్గర ఒకసారి ఆగింది, షరీఫ్ తల ఎత్తలేదు.

వానలు పడ్డాయి. గుర్వమ్మ వాళ్ళు మందతో తిరిగి వచ్చారు. ఆగస్టులో మెహమూద్ వచ్చి, దవాఖానలో కాన్పయిందనీ, ఆడపిల్లనీ చెప్పాడు. అంతకు ముందు వారమంతా పిలుస్తారేమోనని అమీరమ్మ తన రేకు డబ్బా సర్ది ఉంచుకుంది. బ్లేడు, దారం, సబ్బు. పిలుపు రాలేదు. పిల్ల ఎట్లా ఉందని బస్సు దిగిన ప్రతివాళ్ళనూ అడిగింది. ఆరో రోజు గడిచింది, ఇరవయ్యో రోజు గడిచింది. కూతురి కోపం న్యాయమైనదని ఆమెకు తెలుసు. న్యాయమైన కోపం కాబట్టే ఎవరితోనూ చెప్పుకోవడానికి లేదు.

నలభై ఒకటో రోజు పొద్దున మెహమూద్ సైకిలు మీద వచ్చాడు. హ్యాండిలుకు గుడ్డకట్టిన ముంత వేలాడుతోంది.

"షరీఫ్ ఇచ్చింది" అన్నాడు. "నేనన్న, కాన్పు చేసింది నర్సు గదా, ముంత దవాఖానకు పంపాలె గదా అని. నోరు మూసుకొని తీస్కపొమ్మన్నది. ఖాళీ ముంత నువ్వే తెచ్చియ్యాల్నట."

అమీరమ్మ ఆ అంబలిని కొత్త కుండలో పోసి, ముంత కడిగి, అల్లుడి సైకిలు వెనక కూర్చొని నకిరేకల్లు పోయింది. దారిలో మెహమూద్ ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమెకు ఒక్క మాట కూడా ఎక్కలేదు.

షరీఫ్ మంచం మీద కూర్చొని పిల్లకు పాలు ఇస్తోంది. కొంగు కప్పుకోలేదు. తల్లిని చూసి పక్కకు జరిగింది. అమీరమ్మ ముంత కింద పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మంచం అంచున కూర్చుంది. షరీఫ్ ఆమె కుడిచేయి పట్టుకొంది. గంటె ఎగిరిపోయేలా కొట్టిన చేయి అదే. దాన్ని తీసుకొని పాలు తాగుతున్న పిల్ల బుగ్గ మీద పెట్టింది. బుగ్గ నున్నగా, కొంచెం తడిగా ఉంది. ఎక్కడా ఒక్క పొక్కు కూడా లేదు.

"అప్పుడు నేను అంబలి తాగుంటే ఖాతూన్ బుగ్గలు సుత గిట్లనే ఉంటుండె గదా అమ్మీ?" అంది షరీఫ్.

ఎవరికీ తెలియదని కౌసల్య చెప్పింది. ఆ మాట అంటే అబద్ధమూ కాదు. అమీరమ్మ పిల్ల బుగ్గ మీది నుంచి చెయ్యి తీయలేదు.

"ఉంటుండె బిడ్డా" అంది.